పుల్లలాంటి మైకు: ఆరేళ్ల వాడకం తర్వాత

పాత అమెరికన్ గేమ్ షోలు చూసినవాళ్లకు ఆ మైకు గుర్తుండే ఉంటుంది. 1973లో టీవీ చానల్ సీబీఎస్‌లో మళ్లీ మొదలైన ‘మ్యాచ్ గేమ్’లో ఆట నడిపించే జీన్ రేబర్న్ చేతిలో ఉండేది, సోనీ ఈసీఎం-51. పాత రేడియో ఏరియల్‌లా లాగితే సాగేది. ‘ది ప్రైస్ ఈజ్ రైట్’లో బాబ్ బార్కర్ పట్టుకున్నదీ అలాంటి సన్నటిదే.

నాది అచ్చంగా అది కాదు. అదే తీరులో ఉన్న పాత మైకు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డాలస్‌లో మా తెలుగువాళ్ల పండగలకు ఆటలు ఆడించేది నేనే.

దీనితో పెద్దవాళ్లు నోరు విప్పుతారు, నాకు నచ్చింది అదే. లావు మైకు మూతి దగ్గర పెడితే "నాకెందుకు బాబూ" అని వెనక్కి జరిగేవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. అన్ని వైపుల నుంచీ వినే రకం, నోటికి గురిపెట్టక్కర్లేదు. సాగదీస్తే రెండో వరస దాకా అందుతుంది. మొదటి ఏడాదంతా ఇదే చెప్పుకు తిరిగాను.

అన్ని వైపులా వినడమంటే స్పీకర్లనీ వినడమేనని మూడో ఏడు ఉగాదికి తెలిసొచ్చింది. సామెతల ఆట. నేను "అడుసు తొక్కనేల" అని, స్పీకర్ పక్కనుంచి ఒక బామ్మగారి వైపు చెయ్యి చాచాను. అంతే, కూత! పిల్లలు చెవులు మూసుకున్నారు. కంగారులో మైకు తలని గుప్పిట్లో బిగిస్తే ఇంకా పెరిగింది. సౌండ్ అబ్బాయి పరిగెత్తుకెళ్లి వాల్యూమ్ తగ్గించాడు. ఇక ఆవిడ మాట ఎవరికీ వినపడదు. "కాలు కడగనేల" అని పాపం మూడుసార్లు చెప్పారు. "సామెత భలే కుదిరిందండీ" అని వెనకనుంచి ఎవరో.

టీవీ వాళ్లకు మైకు శబ్దం ముఖ్యంగా ప్రసారానికి వెళ్లాలి, అదే గదిలో వందల మందికి గట్టిగా వినిపించాల్సిన పని తక్కువ. మా గొడవంతా అక్కడే.

సాగదీయడం గురించి కూడా కాస్త ఎక్కువే చెప్పినట్టున్నాను. ఇప్పుడు లాగినప్పుడల్లా కరకరమంటోంది, స్టేజి ఎక్కకముందే పొడవు సరిచేసుకుంటున్నాను. జేబులో అదనపు బ్యాటరీ సరేసరి.

చిన్న హాలు, స్పీకర్లు నాకు ముందుండి జనం వైపు తిరిగి ఉండటం, సౌండ్ చూసేవాడు తెలిసినవాడు కావడం: ఇవి కుదిరితే నేను దీన్నే తీస్తాను. మీకు కుదురుతాయో లేదో చెప్పలేను. మొన్న సంక్రాంతికి పెద్ద హాలు కావడంతో లావు మైకే పట్టుకున్నాను. అదే బామ్మగారు నన్ను చూసి రెండు కుర్చీలు అవతలికి జరిగారు.