మోటారు తొడుగు: ఇసుకను ఆపింది, ఒండ్రును దాచిపెట్టింది

రెండు వానాకాలాలు, మధ్యలో ఒక ఎండాకాలం వాడాక రాస్తున్నాను. ఆర్‌సీ క్రాలర్ (రిమోటుతో నడిపే, రాళ్లూ గుట్టలూ నెమ్మదిగా ఎక్కే బొమ్మ బండి) మోటారుకి సాక్సులా ఎక్కించే సన్నటి గుడ్డ తొడుగు ఇది. బండి అసలు దానిలో 1/10 సైజు. మోటారు 540 సైజుది, తీగ 35 చుట్లు (టర్నులు) ఉన్నది, కార్బన్ బ్రష్షుల ద్వారా కరెంటు అందుకునే బ్రష్డ్ రకం. నీళ్లు ఆపలేదని నా కోపం కాదు. ఆపుతుందని అమ్మినవాళ్లూ చెప్పలేదు. లోపలికి చేరిన బురదను మళ్లీ బయటకు పోనివ్వదు, అదీ నా బాధ.

కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. భీమిలి వైపు తీరంలో నల్ల ఇసుక ఉంటుంది కదా, అందులో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువులూ ఉంటాయి. మోటారు అయస్కాంతాలు వాటిని లాగేస్తాయి. తొడుగు లేకపోతే అవి గాలి కన్నాల అంచున మీసాల్లా నిలబడి, ఒక్కొక్కటే లోపలికి జారి ఆర్మేచర్‌ను (లోపల తిరిగే తీగచుట్టల భాగాన్ని) గీరుతుంటాయి. తొడుగు వేశాక ఆ మీసాలు గుడ్డ మీదే మొలిచాయి. విప్పి దులిపితే సరి. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే అది పొడి ఇసుక వరకే.

ఒండ్రు సంగతి వేరు. ఇసుక రేణువు సుమారు 0.06 మిల్లీమీటర్ల పైమాటే. ఒండ్రు అంతకన్నా సన్నం, వడకట్టులోంచి డికాషన్ దిగినట్టు నీళ్లతోపాటు గుడ్డలోంచి దిగిపోతుంది. బండి నీళ్లలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. గట్టెక్కాక నీరు ఆరిపోయి, ఒండ్రు మాత్రం గుడ్డకీ మోటారు డబ్బాకీ మధ్య పూతలా మిగులుతుంది. తొడుగు లేని మోటారైతే ఒక మగ్గు నీళ్లకే చాలావరకు పోయేది.

రెండో వానాకాలం, దమ్ము చేసిన వరిమడి అంచున ఓ పావుగంట తిప్పాక మోటారు గొంతు మారింది. మొదట సన్నగా కీచు, తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు తడబాటు, ఆఖరికి ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) వేడెక్కి ఆగిపోయింది. పినియన్ (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) విడదీసి ఖాళీగా తిప్పినా ఎప్పుడూ తీసుకునే కరెంటుకి రెట్టింపు లాగుతోంది. విప్పక తప్పలేదు. డబ్బా చెవులు మడిచి మూసిన రకం అది. చెవులు రెండు మూడుసార్ల కన్నా లేపితే విరుగుతాయి, జాగ్రత్త.

లోపల బ్రష్షుల కార్బన్ పొడి, ఒండ్రు కలిసి కాటుకలా ముద్దయ్యాయి. ఆ ముద్ద కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనే తిరుగుడు భాగం) రాగి పలకల మధ్య సందుల్లో నిండిపోయింది. కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి పలక నుంచి పలకకి అడ్డదారి దొరికింది. ఈఎస్‌సీ వేడికి అదొక కారణం. రాగి మీద గోరు తగిలేంత లోతున గాడి కూడా పడింది. ముందువైపు బుష్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచే గొట్టం) ఇంకా అధ్వానం. కంచు బుష్ తన సూక్ష్మ రంధ్రాల్లో నూనె దాచుకుంటుంది. ఒండ్రు ఆ నూనెను పీల్చేసి సానరాయి పని చేసింది. షాఫ్ట్ ఊగడం మొదలైంది, పినియన్ పట్టు తప్పింది, దాంతో కలిసి తిరిగే పెద్ద గేరు, స్పర్ గేరు పళ్లు రెండు నమిలేసింది. అన్నీ ఒకే రోజు జరిగినవి కావు. తొడుగు కప్పి ఉండటంతో కంటపడలేదంతే.

సందుల్ని టూత్‌పిక్‌తో గీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కరెంటు చాలావరకు దిగింది. బుష్‌కి మాత్రం మందు లేదు, మోటారే మార్చాను.

ఇప్పుడు బురదకి తొడుగు లేకుండానే దింపుతున్నాను. ఇంటికి రాగానే మోటారు తీసి, గ్లాసుడు మంచినీళ్లలో ముంచి, మూడు వోల్టుల మీద అర నిమిషం తిప్పుతాను. అంతకు మించితే బ్రష్షులు వృథాగా అరుగుతాయి. నీళ్లు మబ్బుగా ఉంటే మార్చి ఇంకోసారి. తర్వాత డబ్ల్యూడీ-40 (తేమను తరిమే స్ప్రే) కొట్టి, ఫ్యాను కింద ఆరబెట్టి, రెండు బుష్‌లకీ చెరో చుక్క కుట్టుమిషను నూనె. ఈ చుక్క మానేస్తే మొదటికే మోసం, ఎందుకంటే డబ్ల్యూడీ-40 నీటితోపాటు పాత నూనెనూ కడిగేస్తుంది. నూనె కమ్యుటేటర్ మీద పడకూడదు. పినియన్ వెనక బురదకి అడ్డంగా గ్రీజు కట్ట పెట్టమని చాలామంది అంటారు. పనిచేస్తుంది, కానీ ప్రతిసారీ తుడిచి కొత్తది పెట్టాలి. పాత గ్రీజులో బురద కలిస్తే అదే సానపట్టే ముద్ద.

నాది నెమ్మదిగా పాకే బండి కాబట్టి వేడి పెద్ద సమస్య కాలేదు. వేగంగా తోలేవాళ్లకి ఈ గుడ్డ వేడిని కూడా పట్టి ఉంచుతుంది, ఆ లెక్క వేరుగా చూసుకోవాలి. సెన్సర్ లేని బ్రష్‌లెస్ మోటారు అయితే బ్రష్షుల గొడవే ఉండదు, తుప్పు పట్టేవి బేరింగులే. తొడుగు డబ్బులు రబ్బరు సీలు బేరింగుల మీద పెట్టడం మేలనిపిస్తుంది. నాచు, గుర్రపుడెక్క వేళ్లు పినియన్‌కి చుట్టుకునే చెరువుల దగ్గర మాత్రం ఈ తొడుగే నయం కావచ్చు, ఒడ్డుకు రాగానే విప్పి కడిగే ఓపిక ఉంటే.

మూడు నక్షత్రాలు. తొడుగు ఉతికి పనిముట్ల పెట్టెలో పడేశాను. డిసెంబరులో నేల ఆరాక మళ్లీ ఎక్కిస్తాను.