భాష కలవని పొరుగింటితో స్నేహానికి ఏది మేలు? ఫోనా, హిందీనా, పది ఒడియా మాటలా?

అనకాపల్లి నుంచి ఒడిశాలోని రాయగడకు కాపురం మారుస్తున్నప్పుడు, అక్కడంతా తెలుగు నడుస్తుంది, భయం లేదని అందరూ ధైర్యం చెప్పారు. బజారులో ఆ మాట నిజమే. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే దారిలో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. కానీ కొడుకు ఉద్యోగం వెంట బాలేశ్వర్ నుంచి వచ్చి మా పక్కింట్లో దిగిన పెద్దావిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు అప్పటికి ఒడియా రాదు. పగలంతా రెండిళ్లలోనూ మిగిలేది మేమిద్దరమే. ఈ రెండేళ్లలో నేను మూడు దారులూ తొక్కి చూశాను.

హిందీ సంగతి ముందే తేల్చేస్తాను. నాది బడిలో చదివిన హిందీ, ఆమెది టీవీలో విన్న హిందీ. ఇద్దరికీ పరాయిదైన భాషలో ఇద్దరమూ బిగుసుకుపోయాం. మాట తడబడగానే ఆమె మనవణ్ని పిలిచేది, ఇక మాటలన్నీ నాకూ ఆ పిల్లవాడికీ మధ్యే. పైగా హిందీ చెవితో ఒడియా వింటే దారి తప్పుతాం. ఆమె గిన్నె పట్టుకుని వచ్చి ‘ఖీర’ అందంటే హిందీ వచ్చినవాళ్లకు పాయసమో, కీర దోసకాయో తోస్తుంది. ఆమెకు కావలసింది పాలు. అది మన క్షీరమే. జ్వర, ఔషధ, దేహ, పుస్తక అన్నా అంతే. హిందీలో ‘ఘర్’ అని హల్లు మీద ఆగిపోయే మాటను ఒడియావాళ్లు ‘ఘర’ అని అచ్చుతో ముగిస్తారు. అజంత భాష మాట్లాడే నోటికి అది ఎంత హాయిగా పలుకుతుందో నేను ఊహించలేదు.

ఫోను హిందీ కంటే చాలా నయం. గూగుల్ అనువాదంలోకి ఒడియా 2020లో వచ్చింది. మొదటి నెలంతా దాని మీదే ఆధారపడ్డాం. అయితే తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడటం మనకు అలవాటు. ‘వస్తుందా?’ అని అడిగితే అది కరెంటు గురించా, కోడలి గురించా అన్నది యంత్రానికి ఎలా తెలుస్తుంది? మర్యాద మరో చిక్కు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే ఒడియాలో తు, తుమె, ఆపణ అని మూడు మెట్లున్నాయి. పెద్దావిడను ‘ఆపణ’ అనాలి. ఫోను ఏ మెట్టు మీద నిలబడి పలికిందో తెలియకుండా ఆమె ముఖంలోకి చూడటం నాకు కష్టంగా ఉండేది. అన్నిటికన్నా బాధ కలిగించింది ఇంకొకటి. ఆమె ఫోనుకు చెప్పేది, నేను ఫోనులోకి చూసేదాన్ని.

మార్గశిరంలో ఒక గురువారం తెల్లవారుజామున ఇది మారింది. మా వైపు దాన్ని లక్ష్మీవారం అంటాం, ఆ నెల లక్ష్మీవారాలు అమ్మవారివి. గడపలో ముగ్గు పెడదామని తలుపు తీసేసరికి, ఆమె తన గుమ్మంలో తడి బియ్యప్పిండితో లక్ష్మీ పాదాలు వేస్తోంది. ఒడిశాలో అది మాణబసా గురుబారం. మాణ అనే కొలపాత్రలో ధాన్యం నింపి లక్ష్మిని కొలుస్తారు. నా చేతిలో పొడిముగ్గు, ఆమె వేళ్లకు తడిపిండి. ‘ఝోటి’ అంది తన గీతలు చూపిస్తూ. ‘ముగ్గు’ అన్నాను నావి చూపిస్తూ. ఒకరి మాటను ఒకరం పలికి చూశాం. ఫోను ఇంట్లోనే ఉంది.

ఆ రోజు నుంచి రోజుకో మాట ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆసంతు అంటే రండి, బసంతు అంటే కూర్చోండి. ‘దేహ భల అఛి?’ అంటే ఒంట్లో బాగుందా అని. వడ్డించేటప్పుడు ‘ఆఉ టికే’, ఇంకొంచెం. పుస్తకం కొని నేర్చుకోవచ్చు కదా అంటారు. కొనుక్కోండి, తప్పులేదు. కానీ ఇదే సరిహద్దు మీద పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నది ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకునే. మాట మనిషి నుంచి వస్తే దాంతోపాటు చనువూ వస్తుంది. నేను తప్పు పలికితే ఆమె నా గడ్డం పట్టుకుని సరిదిద్దుతుంది, ఆ పని ఏ ఫోనూ చేయదు. అందుకే స్నేహానికి పది మాటలే మేలని నేను గట్టిగా చెబుతాను. నెమ్మదిగా సాగుతుంది, మొదటి వారాల్లో మాట్లాడేదానికన్నా మౌనమే ఎక్కువ. భరించాలి.

మందుల విషయంలో మాత్రం పది మాటలను నమ్మను. ఆమెకు చక్కెర జబ్బు. బిళ్ల తిండికి ముందా, తరువాతా అన్నది చేతిసైగలకు వదిలే సంగతి కాదు. అప్పుడు ఫోనే తీస్తాను. చిన్న వాక్యం, కర్తతో సహా చెబుతాను. వచ్చిన ఒడియాను మళ్లీ తెలుగులోకి తిప్పి చూసుకుంటాను. అంతా అయ్యాక ఆమె ఫోను పక్కకు నెట్టి, ఖాళీ కంచాన్ని, తరువాత బిళ్లను వేలితో చూపించి ‘ఖాఇబా పరే’ అంటుంది. తిన్న తరువాత. నేను తిరిగి పలికితే గానీ బిళ్ల చేతిలోకి తీసుకోదు.