పిల్లని వీపున మోసే బ్యాగు రెండున్నరేళ్ళు వాడాక: ఆ వీపు పట్టీ గురించే ఎక్కువ చెప్పాలి

మా చిన్నదానికి తొమ్మిదో నెల ఉన్నప్పుడు మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ తెచ్చిచ్చింది ఈ బేబీ క్యారియర్. ముందుకి కట్టుకునే గుడ్డది కాదు, అల్యూమినియం ఫ్రేముతో వీపుకి తగిలించుకునేది, పిల్ల లోపల కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఇప్పుడు దానికి మూడేళ్ళు దాటి మూడు నెలలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు, భువనగిరి కోట రెండుసార్లు, లంబసింగి ఒకసారి, అలిపిరి మెట్లు ఒకసారి. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ రకం బ్యాగులు చాలావాటిలో ఇదే అమరిక ఉంటుంది కాబట్టి ఏది కొన్నా ఇది పనికొస్తుంది. జేబులు ఎన్ని, రంగులు ఏంటి అవన్నీ అమ్మేవాళ్ళ పేజీలోనే ఉంటాయి, వదిలేస్తున్నా.

నాకు దీంట్లో ప్రాణం ఆ వీపు పట్టీ. అంటే మన వీపు పొడవుని బట్టి భుజం పట్టీలని పైకీ కిందకీ జరుపుకునే ఏర్పాటు. మా ఆయన అయిదడుగుల పదకొండు అంగుళాలు, నేను అయిదడుగుల రెండు. పెద్దాడప్పుడు మా దగ్గర ఉన్న బ్యాగుకి ఇది లేదు, ఆయనకి సరిపోయేది, నేను వేసుకుంటే నడుం బెల్టు పిరుదుల మీదకి వచ్చేది, భుజాలు లాగేసేవి, అందుకని ఎక్కడికి వెళ్ళినా వాణ్ణి ఆయనే మోసేవారు, నేను వెనకాల నీళ్ళ సీసాలు పట్టుకుని నడిచేదాన్ని. చుట్టాలు కూడా నువ్వేం మోస్తావులే అనేవాళ్ళు, నేనూ అలాగే నమ్మేశాను. ఇది వచ్చాక ఒక్క పట్టీ లాగితే నా వీపుకి వచ్చి కూర్చుంది. అనంతగిరిలో గుడి వెనక అడవి దారిలో పిల్లని మొదటిసారి నేను వేసుకుని గంట నడిచాను, దాని ఊపిరి నా మెడకి తగులుతోంది, చెట్ల మీద పిట్టల్ని చూపించి ఏదో అంటోంది, ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తే. అది మామూలు ఆనందం కాదండి.

అయితే మొదటి రోజే పిల్లని కూర్చోబెట్టి కొండెక్కెయ్యలేదు. ఇది అందరూ చెయ్యాలి అని గట్టిగా చెప్తాను, ముందు రెండు వారాలు పది కిలోల సోనా మసూరి బియ్యం బస్తా పెట్టి తిరిగాను. బస్తా అడుక్కి దిగిపోతే బరువు కిందకి లాగుతుంది, పిల్ల కూర్చున్నట్టు ఉండదు, అందుకని కింద ఒక దిండు పెట్టి పైన బస్తా పెట్టాం. మా అపార్ట్‌మెంట్ నాలుగు అంతస్తుల మెట్లు, తర్వాత కాలనీ చుట్టూ రెండు రౌండ్లు. మొదటి రోజు ఇరవై నిమిషాలకే భుజాలు మండాయి. అప్పుడు తెలిసింది ఏంటంటే నేను భుజం పట్టీలు ముందు బిగించి నడుం బెల్టు తర్వాత పెట్టుకుంటున్నా, అది తప్పు. ముందు నడుం బెల్టు తుంటి ఎముక మీద కూర్చునేలా గట్టిగా బిగించాలి, బరువంతా అది తీసుకోవాలి, తర్వాత భుజం పట్టీలు, చివర్లో భుజం మీద ఉండే చిన్న పట్టీలు కొంచెం లాగాలి, అప్పుడు బరువు వెనక్కి వేలాడకుండా వీపుకి దగ్గరగా వస్తుంది. ఈ వరస మారితే ఎంత ఖరీదు పెట్టి కొన్నా నొప్పే.

ఇంకో మాట, దీని మీద 22 కిలోలు అని ఉంటుంది. అది పిల్ల బరువు కాదు! బ్యాగే మూడు కిలోల పైన ఉంటుంది, నీళ్ళు, డైపర్లు, డబ్బాలు కలిపితే ఇంకో నాలుగు, అంటే పిల్ల పదిహేను కిలోలకి వచ్చేసరికి అయిపోయినట్టే. మరీ చిన్నపిల్లలకీ కాదు, మెడ నిలబెట్టి ఎవరి సాయం లేకుండా కూర్చోగలిగాకే.

బయల్దేరే రోజు మా ఇంట్లో అలవాటైన పద్ధతి చెప్తాను. సామాన్లు రాత్రే సర్దేస్తాం, పొద్దున్న పిల్లలు లేచాక ఏ పనీ పెట్టుకోం. పెద్దాడికి వాడి బ్యాగు వేరే, దాంట్లో వాడి నీళ్ళ సీసా, వాడి మరమరాల డబ్బా, ఒక విజిల్. విజిల్ ఎందుకంటే మేం కనపడకపోతే ఉన్నచోటే నిలబడి ఊదాలి, వెతుక్కుంటూ పోకూడదు. ఇది ఇంట్లోనే నేర్పాం, నేను వంటింట్లో దాక్కుంటే వాడు హాల్లో నిలబడి ఊదేవాడు, వారం రోజులు ఇల్లంతా అదే గోల. తిండి ప్లాస్టిక్ కవర్లలో పట్టుకెళ్ళొద్దు, కవరు చప్పుడు వింటే చాలు కోతులు వచ్చి మీద పడతాయి, అనంతగిరిలో అరటిపళ్ళ కవరు మా పెద్దాడి చేతిలోంచి లాక్కుపోయింది, వాడు ఆ రోజంతా భయపడ్డాడు. అప్పట్నుంచీ అంతా స్టీలు డబ్బాల్లోనే, అది కూడా బ్యాగు లోపల. పెరుగన్నం, చెక్కలు, నువ్వులుండలు, అంతే, కొత్త తిండి ఏదీ ఆ రోజు పెట్టం.

పిల్లని ముప్పావు గంటకోసారి దింపాలి. కాళ్ళు వేలాడుతూ ఉంటే తిమ్మిరెక్కుతాయి. కాళ్ళు పెట్టుకోడానికి చిన్న రికాబుల్లాంటివి ఇచ్చారు, అవి వాడితే కొంచెం నయం కానీ దింపడం మాత్రం మానకూడదు. లంబసింగిలో ఇంకోటి తెలుసుకున్నాం. డిసెంబరు పొద్దున్న, మోస్తున్న ఆయనకి చెమట పడుతోంది, స్వెటర్ విప్పేశారు, పిల్ల చేతులు పట్టుకుని చూస్తే మంచు ముక్కలు. మనం నడుస్తున్నాం కాబట్టి మనకి వేడి, అది కదలకుండా కూర్చుంది కదా. మనకెలా ఉందో చూసుకుని పిల్లకి బట్టలు వెయ్యకూడదు, దాని చేతులు కాళ్ళు పట్టుకుని చూడాలి. అలాగే దాని తల మన తల కన్నా పైన ఉంటుంది, కొమ్మ కింద నుంచి మనం వంగకుండా దాటేస్తే దానికి తగులుతుంది. వెనక ఒకరు నడుస్తూ కొమ్మ కొమ్మ అని చెప్తూ ఉండాలి, మా పెద్దాడు ఆ పని తీసుకున్నాడు, భలే చేశాడు.

ఇక అసలు సంగతి. మొన్న ఫిబ్రవరిలో మూడో ఏట చిన్నదానికి పుట్టువెంట్రుకలు తియ్యాలని, నడిచొస్తామని అత్తయ్య మొక్కుకున్నారు. అలిపిరి నుంచి 3550 మెట్లు. శ్రీవారి మెట్టు అయితే 2388, దగ్గర, కానీ అత్తయ్య మొక్కు అలిపిరికే. నడకదారిలో చిరుతలు పిల్లల మీద పడ్డ గొడవ తర్వాత చిన్నపిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక వదిలేవాళ్ళు కాదు అప్పట్లో, ఎలాగూ ఎండ ఎక్కకముందే ఎక్కాలని మేం పొద్దున్న అయిదున్నరకే పాదాల మండపం దగ్గర ఉన్నాం. సామాను దేవస్థానం వాళ్ళ కౌంటర్లో ఇచ్చేశాం, పైన తీసుకోవచ్చు, డబ్బులేం తీసుకోరు.

గాలి గోపురం దాకా మెట్లు నిటారుగా ఉంటాయి, అక్కడిదాకా ఆయనే మోశారు. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తుంటారు కదా, ఉత్త కాళ్ళతో ఎక్కుతుంటే ఆ తడి పసుపు జారుతుంది, వీపు మీద పిల్ల ఉంది, అందుకని ఆయన మెట్టు మధ్యలో పొడిగా ఉన్నచోట చూసుకుని పాదం మొత్తం ఆనించి ఎక్కారు. గాలి గోపురం దగ్గర ఇడ్లీలు తిన్నాం. అక్కణ్ణించి దారి చదునుగా ఉంటుంది, నేను తీసుకుంటానన్నాను. పట్టీ లాగి నా కొలతకి తెచ్చుకుని వేసుకున్నా. జింకల పార్కు దగ్గర పిల్ల ఒకటే కేకలు, జింకల్ని చూపిస్తూ నా జుట్టు లాగుతోంది, హాయిగా ఉంది.

కొంతదూరం పోయాక భుజాలు మంట మొదలయ్యింది. అలిసిపోయానేమో అనుకున్నా, అడిగితే ఆయన తీసేసుకుంటారని చెప్పలేదు. ఇంకాసేపటికి వెనక్కి ఎవరో లాగుతున్నట్టు, ముందుకి వంగితే గానీ నడవలేకపోతున్నా. వెనక నడుస్తున్న అత్తయ్య చూసి "అమ్మాయ్, అదేంటే బ్యాగు అంత కిందకి దిగిపోయింది" అన్నారు. ఆగి దింపి చూస్తే వీపు పట్టీ నేను లాగి పెట్టిన చోట లేదు, నాలుగు వేళ్ళ వెడల్పు జారిపోయింది. ఫ్రేము కిందకి దిగింది, నడుం బెల్టు తుంటి మీద నుంచి జారింది, అంటే బరువంతా భుజాల మీదే. మళ్ళీ బిగించాం. వంద అడుగులు వేశానో లేదో మళ్ళీ జారింది. చెమటకి పట్టీ తడిసి ఉంది, బకిల్లోంచి మెల్లగా ఊడొస్తోంది, కళ్ళ ముందే కనపడుతోంది, ఒక్కో అడుక్కి గోరంత.

పిల్ల పడిపోయే ప్రమాదమేం లేదు, దాని బెల్టులు వేరే, అవి గట్టిగానే ఉన్నాయి. కానీ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాదాపు రెండేళ్ళుగా నేను నెత్తిన పెట్టుకుని అందరికీ చెప్పిన ఒక్క ఫీచరూ అదే కదా.

ఆయన పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి ఒక ముడి వేశారు. బకిల్ దాటి బయటికి మిగిలిన చివర ఉంటుంది చూడండి, దానికి బకిల్‌ని ఆనుకునేలా ముడి వేస్తే ముడి రంధ్రంలో పట్టదు కాబట్టి ఇంక జారదు. మంచి ఆలోచనే. కానీ నా కొలతకి అయితే పట్టీ లోపలికి లాగేస్తాం కాబట్టి చివర పొడుగ్గా మిగులుతుంది, ఆయన కొలతకి అయితే ముడి వెయ్యడానికి రెండు వేళ్ళు కూడా మిగలదు. అంటే ఇంక నేనే మొయ్యాలి. పిల్ల నడుస్తుందిలే కాసేపు అనుకున్నాం, పాతిక మెట్లకి చేతులు చాపేసింది. మామూలుగా ఎత్తుకోమంటే ఆయన ఎత్తుకునేవారే, కానీ అలా అయితే ఖాళీ బ్యాగు ఇంకొకరు మొయ్యాలి, అప్పటికే అత్తయ్యకి చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది. నేనే వేసుకున్నా.

మోకాళ్ళ పర్వతం నేనే ఎక్కాను. పన్నెండు కిలోల పిల్ల, మూడు కిలోల పైన బ్యాగు, నీళ్ళు. పది మెట్లు ఎక్కడం, పక్కన గోడకి ఆనుకోవడం, గోవిందా అనడం, మళ్ళీ పది. ముడి కదల్లేదు. మొదటి యాభై మెట్లు చెయ్యి వెనక్కి పెట్టి ముడి తడుముకుంటూనే ఎక్కాను, తర్వాత మర్చిపోయాను. పైకి వచ్చాక అత్తయ్య ఏం అనలేదు, తన కొంగుతో నా మొహం తుడిచారు. మా పెద్దాడు మాత్రం మొత్తం వాడి కాళ్ళతోనే ఎక్కాడు, అది కూడా రాసుకోవాలి ఇక్కడ.

ఇంటికొచ్చాక కంపెనీకి ఫోటోలు పెట్టి రాశాను. పంతొమ్మిది రోజులకి జవాబు, బిల్లు పంపండి అని. పంపాం. ఆ పార్టు విడిగా అమ్మం, వారంటీ దాటింది అన్నారు. ఒక చిన్న బకిల్ కోసం మొత్తం బ్యాగు పక్కన పడెయ్యాలా, పిల్లల్ని మోసే వస్తువుకి విడి భాగాలు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడట్లేదు.

చివరికి కోఠిలో బ్యాగులు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పట్టీని బొటనవేలితో రుద్ది నాకు ఇచ్చి పట్టుకు చూడమ్మా అన్నారు. రోజూ జరిగే చోట సిల్కు రిబ్బనులాగా నున్నగా అయిపోయింది, వాడని చోట గరుకుగా ఉంది. బకిల్ లోపల ప్లాస్టిక్ పళ్ళు కూడా అరిగి గుండ్రంగా అయిపోయాయి. మీరు మాటిమాటికీ లాగడం వల్లే అన్నారు. నిజమే, ప్రతి నడకలో నాలుగైదుసార్లు మార్చుకునేవాళ్ళం, అదే కదా నాకు నచ్చిందే. 120 రూపాయలకి కొత్త గరుకు పట్టీ, ఇనుప బకిల్ వేసి, చివర ఇంకో జానెడు పొడుగు వదిలి కుట్టిచ్చారు, మా ఆయన కొలతకి కూడా ముడి పడేంత. ఎనిమిది నెలలైంది, ఒక్కసారి కూడా జారలేదు.

కానీ ముందులాగా ఒక్క లాగుకి రాదు. రెండు చేతులూ కావాలి, పిల్లని దింపేసి బ్యాగు పడుకోబెట్టి మార్చుకోవాలి. బ్యాగుని నేల మీద నిలబెట్టే స్టాండు వేసి పిల్ల లోపల ఉండగా మార్చడం నేను ముందు చేసేదాన్ని, అది ఎప్పుడూ చెయ్యకూడని పని అని ఇప్పుడు చెప్తున్నా, స్టాండు ఉన్నది ఎక్కించడానికీ దించడానికే, ఒక చెయ్యి ఫ్రేము మీద ఉండాల్సిందే. కాబట్టి ఇప్పుడు నడక మొత్తానికి ఒకసారో రెండుసార్లో మారుతున్నాం. ముందే అనుకుంటాం, ఎక్కేటప్పుడు ఆయన, దిగేటప్పుడు నేను అని.

కొనాలా అంటే మా పరిస్థితి చెప్తాను, మీరే చూసుకోండి. మేం నెలకి ఒకసారైనా వెళ్ళేవాళ్ళం, ఇద్దరం మోసేవాళ్ళం, మా ఎత్తుల్లో అంత తేడా ఉంది, పైగా మాకు ఇది ఊరికే వచ్చింది. ఏడాదికి ఒక్క తిరుపతి ప్రయాణం కోసమైతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఇంట్లో ఒక్కరే మోసేటట్టయితే ఈ జరిపే పట్టీ అవసరమే లేదు, ఆ ఒక్కరి కొలతకి సరిపోయేది చాలు. భువనగిరి కోటలాంటి నున్నటి బండ మీదకి మాత్రం ఏ బ్యాగుతోనూ పైదాకా వెళ్ళొద్దు, మేం రెండుసార్లూ సగంలోనే ఆగి కూర్చుని వచ్చాం. వాడిన బ్యాగు తీసుకుంటుంటే పట్టీని బొటనవేలితో రుద్ది చూడండి, నున్నగా ఉంటే బియ్యం బస్తా పెట్టి అరగంట నడిచి, పట్టీ మీద ముందే పెన్నుతో ఒక గీత పెట్టుకుని, ఆ గీత జరిగిందేమో చూసుకున్నాకే పిల్లని కూర్చోబెట్టండి.

మా చిన్నది ఇప్పుడు పద్నాలుగున్నర కిలోలు. ఇంకో రెండు మూడు నడకలు అంతే. డిసెంబరులో అనంతగిరి ఒకసారి అనుకుంటున్నాం, తర్వాత వైజాగులో మా తోటికోడలికి ఇచ్చేస్తాను, వాళ్ళబ్బాయికి అప్పటికి ఎనిమిదో నెల వస్తుంది. తనూ నాలాగే పొట్టి, పట్టీ తన కొలతకి పెట్టి, ముడి ఎక్కడ వెయ్యాలో చూపించి మరీ ఇస్తాను.