ఫోన్ పగలగొడితే ఏది మేలు: స్టేషనా, కోర్టా, లోక్ అదాలతా?

మా తమ్ముడి ఫోన్ సంగతి తెలిసినప్పటి నుంచి చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు: "మన ఫోన్ ఇంకొకరు పాడుచేస్తే ఎక్కడికి వెళ్ళాలి?" వాడు గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పోయిన ఏడాది ఏదో మాటా మాటా పెరిగి, పక్క మంచం అబ్బాయి వాడి ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాడు. డిస్‌ప్లే, మదర్‌బోర్డు రెండూ పోయాయి. రిపేరుకి 11,500 అవుతుందని షాపులో రాసిచ్చారు. మేము ముందు స్టేషన్‌కి వెళ్ళి, చివరికి లోక్ అదాలత్‌లో, అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చట్టబద్ధమైన వేదికలో, తేల్చుకున్నాం.

ఇంకొకరి వస్తువుని కావాలని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో నడుస్తున్నది ఈ చట్టమే. పాత చట్టంలో నష్టం 50 రూపాయలు ఉన్నా రెండేళ్ళ దాకా శిక్ష వేయొచ్చు. ఇప్పుడు మామూలుగా ఆరు నెలల వరకే. నష్టం 20 వేలు, ఆపైన ఉంటేనే రెండేళ్ళు, లక్ష చేరితే ఐదేళ్ళు. లెక్కలోకి వచ్చేది జరిగిన నష్టం, ఫోన్ కొన్న ధర కాదు. మా వాడి ఫోన్ 26 వేలదైనా నష్టం 11,500 కాబట్టి ఆరు నెలల లెక్కలోనే పడింది. ఇలాంటి వాటిలో మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. "ఎఫ్ఐఆర్ కాదమ్మా, రాజీ పడండి" అని స్టేషన్లో అన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది కానీ, అందులో కొంత చట్టమే ఉందని తర్వాత తెలిసింది.

పైగా కావాలనే చేశాడని చూపించాలి. చెయ్యి తగిలి పడిపోతే, బకెట్లో జారిపోతే అది నేరం కాదు. అంతమాత్రాన బాధ్యత లేదని కాదు. అడిగి తీసుకున్న వస్తువుని సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఒక్క కాల్ చేసుకుంటానని తీసుకుని ఇంకో పనికి వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టం కూడా అతనిదే. ఇవన్నీ సివిల్ కోర్టులో అడగాలి. దావాకి మూడేళ్ళ గడువు ఉంటుంది. కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, వాయిదాలు కలుపుకుంటే పదీ పన్నెండు వేల కోసం ఈ దారి పట్టమని ఎవరికీ చెప్పలేను.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది చేతికొచ్చే కాగితం బలం. స్టేషన్ బయట పెద్దమనుషుల ముందు ఆ అబ్బాయి, రెండు వారాల్లో డబ్బు కడతానని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మూడు నెలలైనా ఒక్క రూపాయి రాలేదు. ఆ కాగితం సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, దాన్ని పట్టుకుని నేరుగా వసూలు చేసుకోలేం, మళ్ళీ దావా వేయాల్సిందే. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ కుదిరిన రాజీని రాసిచ్చే ఉత్తర్వు, అలా కాదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, దానిపై అప్పీలు లేదు. కట్టకపోతే ఆ అవార్డుతోనే అమలు కోసం కోర్టుకి వెళ్ళొచ్చు.

కోర్టులో కేసు లేకుండానే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ, బిల్లు, రిపేరు ఎస్టిమేట్, ఆ తెల్లకాగితం జిరాక్సు ఇచ్చాం. నోటీసు వెళ్ళాక ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పదివేలకి, రెండు వాయిదాల్లో కట్టేలా ఒప్పుకున్నాం. రెండూ వచ్చాయి. దీనికి లోటు కూడా ఉంది: అవతలివాళ్ళు రాకపోతే, వచ్చినా ఒప్పుకోకపోతే అక్కడ బలవంతం చేయరు. అప్పుడు సివిల్ కోర్టే గతి. అయినా విరిగిన ఫోన్ విషయంలో నా ఓటు లోక్ అదాలత్‌కే. ఈ దారి గురించి తెలుసుకోవాలంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

ఫోన్ పగలకుండా దుర్వినియోగమైతే మాత్రం నా మాట వేరు. మీకు తెలియకుండా ఫోటోలు తీసుకోవడం, మీ పేరుతో మెసేజ్‌లు పంపడం, పాస్‌వర్డ్ వాడడం లాంటివాటికి రాజీ కన్నా ముందు ఫిర్యాదు పెట్టండి. సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం కింద కంప్యూటరేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లోనే చెప్పింది. కాబట్టి మోసపు బుద్ధితో అనుమతి లేకుండా అందులోంచి సమాచారం తీసుకుంటే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ జైలు, ఐదు లక్షల జరిమానా దాకా పడొచ్చు. డబ్బు లాగేస్తే ఆలోచించకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రిపేరు షాపువాళ్ళే పాడుచేస్తే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళినా, పగిలిన ఫోన్‌ని వెంటనే బాగుచేయించకండి. ముందు ఫోటోలు తీసి, తేదీ, ఐఎంఈఐ నంబరు ఉండేలా షాపు లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్ రాయించుకోండి. మా తమ్ముడు ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వేయబోతే అమ్మ ఆపి, ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచింది.