గాలాపాగోస్: ఓడలో తిరగడమా, ఊళ్లో దిగడమా?

గాలాపాగోస్ అంటే పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశానికి చెందిన దీవులు. 1960ల చివర్లో టూర్లు మొదలైనప్పుడు ఇక్కడికి వచ్చినవాళ్లకు ఓడే ఇల్లు. తిండీ పడకా అందులోనే, పగటిపూట చిన్న పడవలో దీవి మీద దిగి గైడు వెంట నడిచేవాళ్లు. డార్విన్ గురించి, రాక్షస తాబేళ్ల గురించి చదువుకుని, వాటి కోసమే అంత దూరం వచ్చినవాళ్లు చాలామంది.

ఇప్పుడు ఎక్కువమంది ప్యూర్టో అయోరా లాంటి ఊళ్లలో హోటల్ తీసుకుంటున్నారు. వీళ్లకి ప్రకృతి మీద ఇష్టం లేదని కాదు, కానీ బీచ్, డైవింగ్, మంచి భోజనం, ఫొటోలు అన్నీ కావాలి, తాబేలు అందులో ఒకటి. ఆ ఊరి చేపల మార్కెట్లో చేపలు కోసే బల్ల పక్కనే సీ లయన్ మెడ చాచి ముక్క కోసం చూస్తుంటుంది, వెనక పెలికన్లు. రెండు మీటర్ల దూరం పాటించాలని రూల్ ఉంది, అయినా ఫోన్ పట్టుకున్నవాళ్లు ఇంకా దగ్గరికి జరుగుతారు. నాకు బాధగా అనిపించేది అదే.

ఓడలో అదుపు ఎక్కువ: ఏ చోట ఎప్పుడు దిగాలో ఈ దీవుల నేషనల్ పార్కువాళ్లే ముందుగా నిర్ణయిస్తారు. ఖర్చూ ఎక్కువే. ఊళ్లో దిగితే డబ్బు స్థానికుల చేతికి బాగా అందుతుంది, ఈక్వడార్ కుటుంబాలు కూడా రాగలుగుతాయి, కాకపోతే నీళ్లు, చెత్త, సరుకుతో పాటు వచ్చే బయటి పురుగులు, విత్తనాలు పెద్ద టెన్షన్. 2024 ఆగస్టు నుంచి చాలామంది విదేశీయులకు ప్రవేశ రుసుము 100 నుంచి 200 డాలర్లయింది, ఎక్కడ బస చేసినా కట్టాల్సిందే.

జంతువులే ముఖ్యమైతే నా ఓటు ఓడకే, ఫెర్నాండినా లాంటి దూరపు దీవులు చూడాలంటే అదే దారి.