ది పిట్, సెవరెన్స్: నా ఓటు దేనికి?

ఇప్పుడు వస్తున్న అమెరికన్ టీవీ ధారావాహికల్లో ఏది ఉత్తమమన్న చర్చ అభిమానుల మధ్య ఎక్కడ మొదలైనా, అది తరచుగా ‘ది పిట్’, ‘సెవరెన్స్’ల దగ్గరికే వచ్చి ఆగుతోంది. రెండూ చూశాక నా ఓటు ‘ది పిట్’కే.

2025 జనవరిలో మొదలైన ఈ ధారావాహిక తొలి సీజన్‌లోని 15 భాగాలు, పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒకే రోజు గడిచే 15 గంటలను గంటకొక భాగం చొప్పున చూపుతాయి. నేపథ్య సంగీతం దాదాపు లేకపోవడంతో స్ట్రెచర్ చక్రాల చప్పుడు, నర్సుల కేకలు నేరుగా చెవిన పడి, మనమూ ఆ వార్డులోనే ఒక మూల నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. గంటల తరబడి అందరికీ ధైర్యం చెప్పిన డాక్టర్ రాబీ, గోడల నిండా జంతువుల బొమ్మలున్న పిల్లల గదిలో నేల మీద కూలబడి ఏడ్చే దృశ్యం చూశాక నేను చాలాసేపు తేరుకోలేకపోయాను. ఆ పాత్రకు నటుడు నోవా వైలీ అందుకున్న, అమెరికన్ టీవీ రంగంలో ప్రతిష్ఠాత్మకమైన ఎమ్మీ పురస్కారం పూర్తిగా న్యాయమైనది.

ఉద్యోగపు జ్ఞాపకాలను, ఇంటి జ్ఞాపకాలను శస్త్రచికిత్సతో విడదీసే ‘సెవరెన్స్’ ఊహ అపురూపమైనదే, బ్రిట్ లోవర్ నటన కూడా గొప్పదే. అయితే 2022 నాటి తొలి సీజన్ తర్వాత 2025 వరకు ఎదురుచూసిన ప్రేక్షకుడికి, రెండో సీజన్ పాత చిక్కుముడులను విప్పడం కంటే కొత్తవి వేయడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టినట్టు అనిపిస్తుంది.