49:1 ఎండ్-ఫెడ్ యాంటెన్నా కిట్: కాంటెస్టుకు నిలుస్తుందా?

ఒక చివర నుంచే సిగ్నల్ ఇచ్చే 20 మీటర్ల తీగ, దాన్ని రేడియోకు సరిపెట్టే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా: ఈ హామ్ రేడియో (అభిరుచి రేడియో) కిట్ ఇంతే. తిరుపతి మిద్దె మీద నుంచే 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లు చాలావరకు ట్యూనర్ (యాంటెన్నాను రేడియోకు సరిపెట్టే పరికరం) లేకుండా దొరుకుతాయి. సీక్యూ వరల్డ్‌వైడ్ అనే హామ్ రేడియో పోటీకి ఇది పెద్ద వరం. తీగను కాస్త పొడుగ్గా ఉంచి, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత సరిపోయిందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) చూస్తూ 5 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి మడిచి కట్టండి. కత్తిరించొద్దు.

లోపమంతా డబ్బాలోనే. ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్టడానికి ఒక్కటే ఫెరైట్ కోర్ (అయస్కాంత రింగు). 100 వాట్లతో సీడబ్ల్యూలో (మోర్స్ కోడ్‌లో) ఆగకుండా సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలిస్తే డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ఎస్‌డబ్ల్యూఆర్ మెల్లగా పైకి పాకుతుంది. 50 వాట్లకు దించండి, లేదా రెండు కోర్లు జతచేసి మళ్లీ చుట్టండి.

నవంబరు వానలకు కనెక్టర్‌లోకి నీళ్లు దిగుతాయి. సెల్ఫ్ ఫ్యూజింగ్ (తనకు తానే అతుక్కునే) టేపు తప్పనిసరి. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డు కాబట్టి, వీలైతే తీగను కొండకు దూరంగా ఉన్న మిద్దె మీద కట్టండి.